తాత చాకు, నిర్మల్ ఉక్కు, బాలానగర్ రాయి

ఈసారి ఉద్యమాల గురించి కాదు, ఒక మడత చాకు గురించి రాస్తున్నం. పొడుగు పోస్టే, ఓపికగా చదవండి.

మా రూంల ఒక కొలాం తమ్ముడున్నడు. వాళ్ల తాతది జేబుల పట్టే చాకు. పదును ఒక్క దిక్కే ఉంటది. ఒక ముఖం ఏటవాలు, ఇంకో ముఖం సాపు. వెదురు చీరేటప్పుడు సాపు ముఖం బద్దకు ఆనుకొని పోతది, అందుకే బద్ద అంతా ఒకే మందంల వస్తది. తాత దాన్ని మనుమనికి ఇచ్చిండు. వాడు పట్నం తెచ్చిండు. ఇక్కడ అది కూరగాయలు కోసి కోసి మొద్దుబారింది.

బాలానగర్‌ల షెడ్లకు కొదువ లేదు గదా. ఒక దగ్గర గ్రైండర్ మీద పెట్టించినం. రెండు నిమిషాల్లో రెండు దిక్కులా రాసి చేతిల పెట్టిండు. మస్తు మెరిసింది. అంచు పొంటి నీలం చార కూడా వచ్చింది, అది అందం అనుకున్నం. నాలుగు రోజులకు అంచు మడత పడింది. ఆయనను అనేదేం లేదు. ఆయన దగ్గరికొచ్చే చాకులన్నీ రెండు దిక్కుల పదునువే, ఇది వేరే అని మేం నోరు తెరిచి చెప్పలే.

ఆ నీలం ఏంటిదని తెలుసుకోబోతే మేం చరిత్రల పడ్డం.

ఉక్కును ఎర్రగా కాల్చి ముంచితే గట్టిపడుతుంది, కానీ గాజు లెక్క పెళుసవుతుంది. తిరిగి కొద్దిగా వేడి చేస్తే ఆ పెళుసు పోతుంది. దీన్నే టెంపర్ అంటారు. లేత గడ్డి రంగు వచ్చినప్పుడు వేడి దాదాపు 220, 230 డిగ్రీలు. నీలం వచ్చిందంటే 300 దగ్గరికి పోయినట్టు. చాకు అంచుకు అది ఎక్కువ. అంటే గ్రైండర్ వేడికి అంచు మెత్తబడ్డది. నీళ్లల్ల ముంచుకుంట, మెల్లగా రాస్తే ఇట్ల కాదు.

ఇంక అసలు సంగతి. గట్టిపడాలంటే ఇనుముల కార్బన్ ఉండాలి. మామూలు ఇనుప చువ్వల 0.25 శాతం కూడా ఉండదు. ఊర్ల కమ్మరాయన లారీ కమాన్ పట్టీతో కత్తి ఎందుకు చేస్తడంటే దాంట్లో అర శాతం పైననే ఉంటది. మరి మన తెలంగాణల పాతకాలం మూస ఉక్కుల ఎంత? 1 నుంచి 2 శాతం దాకా! నిజామాబాద్ జిల్లా కోనసముద్రం, మన పాత ఆదిలాబాద్‌ల నిర్మల్ దిక్కున ఉన్న దిమ్మదుర్తి, ఈ రెండు ఊర్ల పేర్లు డమాస్కస్ కత్తుల కథల వస్తయి. పర్షియా వ్యాపారులు ఇంత దూరం వచ్చి కొలిమి దగ్గర కూర్చొని ఉక్కు ముద్దలు కొనుక్కపోయేవాళ్లు. హెన్రీ వాయిసీ అనే ఇంగ్లీషు డాక్టరు కోనసముద్రం పోయి, చూసింది రాసిపెట్టిండు. ఆయన 1824ల చనిపోయిండు, ఆ రాత 1832ల కలకత్తాల అచ్చయింది.

దక్షిణాదిల కొన్ని చోట్ల మూసల ఇనుప ముక్కలతో పాటు తంగేడు కట్టె పెట్టి, పైన జిల్లేడు ఆకులు కప్పి, మన్నుతో మూసి కాల్చేవాళ్లు. కట్టెలోని కార్బన్ ఇనుముల కలిసేది. బతుకమ్మకు కోసే తంగేడు ఉక్కుకు కూడా పనికొచ్చిందని మాకు ఏ క్లాసుల చెప్పలే.

మన ‘ఉక్కు’ అనే మాటే ఇంగ్లీషుల ‘వూట్జ్’ అయిందంటారు. 1795ల జార్జ్ పియర్సన్ దాని మీద రాయల్ సొసైటీల పేపర్ పెట్టిండు. లండన్‌ల స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు ఈ ఉక్కుతో చాకులు, డాక్టర్ల కత్తులు చేసిండు. ఆయనతో కలిసి మైకేల్ ఫారడే 1819 నుంచి ప్రయోగాలు చేసిండు. కరెంటు చాప్టర్ల చదువుకున్న ఫారడేనే! ఆయన తండ్రి కమ్మరి. బడి చదువు అంతంతే, పుస్తకాలు బైండింగ్ చేసే దగ్గర పని నేర్చుకున్నడు. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన మనలాంటోళ్లకు ఈ ముక్క నచ్చుతది.

ఫారడే పేరు, స్టోడార్ట్ పేరు పుస్తకాల్లో ఉన్నయి. తిత్తి ఊదినోళ్ల, బొగ్గు కాల్చినోళ్ల పేర్లు లేవు. ఆ కొలుములు మనవే అని కామెంట్లల కొట్లాడుడు మాకు ఇష్టం లేదు, ఉక్కు కమ్మరోళ్ల విద్య. అయితే కొలిమికి బొగ్గు కావాలి, బొగ్గుకు అడవి కావాలి. 1856ల బెస్సెమర్ పద్ధతి వచ్చినంక చౌక ఉక్కు ఓడల్లో దిగింది, ఇటు అడవి మీద సర్కారు ఆంక్షలు పెరిగినయి. కొలుములు చల్లారినయి. వంద ఏండ్లకు పైన గడిచినంక, 1968ల, కేంద్ర ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి సాయంతో ఇదే బాలానగర్‌ల సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టింది. పనిముట్లు ఎట్ల చేయాలో నేర్పడానికి!

సరే, చాకు సంగతి. తమ్ముడు తాతకు ఫోన్ చేసిండు. తాత తిట్టలే. “సాపు దిక్కు రాయి మీద నిలబెట్టకు బిడ్డా, పడుకోబెట్టు” అన్నడు. ఊర్ల తాతకు రాయి అంటే వాగు రాయి. మేం హార్డ్‌వేర్ షాపుల ఒకపక్క గరుకు, ఒకపక్క నున్నటి ఆయిల్ స్టోన్ కొన్నం. ఇది కార్బొరండం, 1891ల అమెరికాల అచెసన్ కొలిమిల పుట్టించిన పదార్థం. మేం చేసింది ఇది: ముందు సాపు ముఖాన్ని రాయి మీద పూర్తిగా పడుకోబెట్టి, గ్రైండర్ తీసిన వాలు పోయేదాకా రుద్దినం. దీనికే రెండు సాయంత్రాలు పట్టింది. తర్వాత ఏటవాలు ముఖం. ఆ వాలు మొత్తం రాయికి ఆనితే చాలు, కోణం అదే దొరుకుతది, చెయ్యి ఊగొద్దు అంతే. గరుకు దిక్కున నీలం చార పోయేదాకా రుద్దితే అవతలి ముఖం పొంటి సన్నటి పొర లేస్తది, గోటికి తగులుతది. వర్క్‌షాపుల దాన్ని బర్ర్ అంటరు. అంచు పొడుగునా అది లేచినంకనే నున్నటి దిక్కు తిప్పాలి. చివరికి సాపు ముఖం మళ్లా పడుకోబెట్టి రెండు సార్లు తేలిగ్గా లాగితే బర్ర్ పోతది. పాత తోలు బెల్టు మీద వెనక్కి గుంజినం. సాపు ముఖాన్ని కొంచెం లేపినా పదును రెండు దిక్కులయి మళ్ల మొదటికొస్తది.

చాకు ఇప్పుడు మునుపటికంటే రెండు గింజల వెడల్పు సన్నబడ్డది. దసరాకు ఊరికి పోయినప్పుడు తాత దాన్ని వెలుతురుకు పట్టి చూసిండు, పక్కనున్న వెదురు ముక్క అందుకున్నడు. బద్ద తీసి, వేళ్ల మధ్య వంచి, మనుమని చేతిల పెట్టి, ఇంకోటి తియ్యి అన్నడు.