పాత సైకిల్‌కి మోటారు: మా హేజ్ కథ

మొన్నటి ఎపిసోడ్‌లో టైమ్ చాలక వదిలేసిన ముక్క ఇది. పాత సైకిల్‌కి మోటారు కిట్ పెట్టించాలా, కొత్త ఈ-బైక్ కొనాలా అన్నది నా సొంత సమస్య కూడా. ఇక్కడికి వచ్చిన కొత్తలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న రాలీ సైకిల్ నా దగ్గరుంది. దాని వయసు నాకంటే ఎక్కువ.

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. వెనక చక్రం మధ్యలో కరెంటు మోటారు పెట్టే సైకిల్‌కి అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ 1895లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఇక యుద్ధం తర్వాత, 1950లో, నేనుండే పశ్చిమ లండన్ హేజ్‌లోనే సైకిల్‌మాస్టర్ తయారైంది. చేసింది గ్రామఫోన్ రికార్డుల ఈఎంఐ వాళ్లు! సైకిల్ వెనక చక్రం తీసేసి, 25.7 సీసీ ఇంజన్ ఉన్న ఈ చక్రం బిగించుకోవడమే. కారు కొనలేని మనిషి ఉన్న సైకిల్‌తోనే పనికి వెళ్లొచ్చు.

మరి అలాంటివి ఎందుకు నిలవలేదు? ఇంజన్‌కన్నా సైకిలే ఎక్కువ ఇబ్బంది. ఫ్రేము, ఫోర్కు, బ్రేకులు మనిషి తొక్కే వేగానికి చేసినవి. 1953లో జర్మనీ నుంచి ఎన్‌ఎస్‌యూ క్విక్లీ లాంటి మోపెడ్లు వచ్చేసరికి జనం అటు మళ్లారు. మనవైపు టీవీయస్ 50 చూసినవాళ్లకి ఈ తేడా తెలుసు. పెడళ్లుంటాయి గానీ బండి మొత్తం ఇంజన్ కోసమే చేసింది. 1993లో యమహా పాస్ కూడా అంతే: తొక్కుతుంటే సాయం చేసే మోటారుతో, పూర్తి సైకిల్‌గానే అమ్మారు.

ఇక్కడి రూల్ కిట్‌కైనా కొత్తదానికైనా ఒకటే: మోటారు 250 వాట్లు దాటకూడదు, గంటకి 15.5 మైళ్ల దగ్గర సాయం ఆగిపోవాలి. కాబట్టి నేను మోటారు సంగతి పక్కనపెట్టి సైకిల్‌నే చూశాను. స్టీలు ఫ్రేము గట్టిదే. కానీ స్టీలు రిమ్ములు వానలో తడిస్తే బ్రేకు సరిగా పట్టదు. ఇక్కడ వాన ఎప్పుడు లేదు చెప్పండి?

నేనొక్కణ్ణే స్టేషన్ దాకా వెళ్లొచ్చేదైతే, రిమ్ములు, బ్రేకులు మార్పించి కిట్ పెట్టించేవాణ్ణి. చవక కూడా. కానీ వెనక సీట్లో మా పాప కూర్చుంటుంది. అందుకే ఈ-బైక్ కొన్నాను. రాలీని మాత్రం అమ్మలేదు. ఆదివారం ఎండ కాస్తే దాన్నే తొక్కుతాను.