ఇంజను తాగిన నీళ్లు

ఇంజను చుట్టూ నీళ్లు తిరిగి దాన్ని చల్లబరచటం మీరెరిగినదే. మరి నీళ్లు లోపలికే, మంట మండే చోటికే పోతే? ‘ఇంకేముంది, ఇంజను ఆగిపోతుంది’ అంటారు. కాని నూరేళ్ల కిందట అమెరికాలో రైతులు నీళ్లు తాగే ట్రాక్టర్లతోనే గడ్డి బీళ్లు దున్నారు. ఆ కథ కాస్త చెప్పుకుందాం.

అక్కడ అప్పట్లో పెట్రోలు ప్రియం, కిరసనాయిలు చవక. 1910లో ఇండియానా రాష్ట్రంలోని లా పోర్టు పట్టణంలో రూమ్లీ కంపెనీవారు ‘ఆయిల్‌పుల్’ అనే కిరసనాయిలు ట్రాక్టరును అమ్మకానికి తెచ్చారు. కిరసనాయిలు ఓ పట్టాన ఆవిరి కాదు. ఇంజను బాగా వేడిగా ఉండాలి. అందుకని రేడియేటరులో నీటికి బదులు నూనె పోశారు. అయితే నాగళ్ల బరువు పడేసరికి వేడి మితిమీరి, కిరసనాయిలు ఒక్కసారిగా భగ్గుమనేది. లోపల సుత్తితో కొట్టినట్టు మోత! అట్లాగే నడిపితే పిస్టను దెబ్బ తింటుంది.

దానికి విరుగుడే నీళ్లు. బరువు పడినప్పుడు కార్బురేటరు నుంచి కాసిని నీళ్లు కూడా గాలితో లోపలికి పోయేవి. నీరు ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది, మోత అణుగుతుంది. నీరు ఇంధనం కాదు సుమా! చవక నూనెతో బరువు లాగనిచ్చింది, అంతే.

మరి నష్టాలో? నీళ్లు కూడా మోసుకుపోవాలి. ఉప్పునీరైతే లోపల పొక్కు కడుతుంది. చలికాలం తొట్టిలో గడ్డకడుతుంది. బరువు లేనప్పుడు నీళ్లు వదిలితే మంట చల్లారి, కాలని కిరసనాయిలు కిందికి దిగి కందెన నూనెను పలచన చేస్తుంది. నెబ్రాస్కా రాష్ట్రంలో 1920 నుంచి జరిగిన ట్రాక్టరు పరీక్షల్లో ఇంధనంతోబాటు ఈ నీటి ఖర్చునూ కొలిచి రాశారు. రైతుకు రెండు లెక్కలూ తెలియాలి గదా!

తరువాత మేలురకం పెట్రోలు, డీజిలు ఇంజన్లు వచ్చాయి. 1930తో ఆయిల్‌పుల్ తయారీ ఆగింది. రెండవ ప్రపంచయుద్ధంలో యుద్ధవిమానాలు మాత్రం ఇదే ఉపాయంతో కొద్ది నిమిషాలపాటు అదనపు బలం పొందాయి.

ఈ కథ విని మీ డీజిలు ట్యాంకులో మాత్రం నీళ్లు పోయకండి! ఆ ట్రాక్టర్లలో నీటికి వేరే తొట్టి, వేరే దారి, కొలత ఉన్నాయి. డీజిలులో కలిసిన నీరు పంపునూ, నాజిల్‌నూ తుప్పు పట్టిస్తుంది. కనుక ఫిల్టరు గిన్నెలో చేరిన నీళ్లను ఎప్పటికప్పుడు వంపేయండి. కొలతా వేళా తెలిసి వాడిన నీరే ఇంజనుకు మేలు చేసింది.