కాలిపోయిన అక్షరాలు



1812 మార్చి 11 సాయంకాలం బెంగాలులోని సేరంపూర్ మిషను ముద్రణాలయం తగలబడింది. కాగితం, అనేక భాషల అచ్చు అక్షరాలు, విలియం కేరీగారు సిద్ధపరచిన తెలుగు వ్యాకరణం వ్రాతప్రతి కాలిపోయాయి. అయితే అక్షరాలు పోతపోయడానికి మూలమైన ఉక్కు అచ్చులు బూడిదలో చెడకుండా దొరికాయి. కరిగిన లోహాన్నే తిరిగి పోతపోశారు. కేరీగారు వ్యాకరణాన్ని మరల వ్రాశారు. 1814లో అది అచ్చయింది.

విశాఖపట్నంలో మిషనరీ డెస్ గ్రాంజెస్ గారు ఆనందరాయరుగారి సహాయంతో తర్జుమా చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు కూడా ఆ 1812లోనే సేరంపూర్‌లో అచ్చయ్యాయి. 1810లోనే ప్రభువునందు నిద్రించిన డెస్ గ్రాంజెస్ గారు ఆ పుస్తకాన్ని చూడలేదు.

ప్రియులారా, నేడు తెలుగు బైబిలు మన సెల్‌ఫోనులోనే ఉంది. అయినా ఇంగ్లీషు మీడియంలో చదివే మన బిడ్డల్లో అనేకులు అందులో ఒక్క వచనం కూడబలుక్కోకుండా చదవలేరు. మార్కుల కోసం ట్యూషను పెట్టించే మనం దీనిని లోటుగా ఎంచడంలేదు. ఇంట కూర్చున్నప్పుడు బిడ్డలకు వాక్యం నేర్పమని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం ఆజ్ఞాపించింది తల్లిదండ్రులనే.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో టీవీ ఆపి, బైబిలు బిడ్డ చేతికివ్వండి. ఒక్క వచనం చదవనివ్వండి. తప్పు చదివితే నవ్వకండి, అక్షరం చూపించి దిద్దండి. ప్రభువు మీ గృహాలను దీవించును గాక. ఆమేన్.