పాము కాటు కేసు: పరిశోధన చెప్పేది ఒకటి, క్యాజువాల్టీలో జరిగేది ఇంకొకటి.. ఎందుకిలా?

పాము కరిచిన మనిషిని రాత్రిపూట దవాఖానాకు తీసుకొస్తే మొదట చూసేది చాలాసార్లు డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సే. డాక్టర్ వచ్చే వరకు ఆమె ఏం చేసిందన్న దాన్ని బట్టే మిగతా వైద్యం నడుస్తుంది. ఏం చేయాలో పరిశోధనల్లో ఎప్పుడో తేలింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే పాము కాటు వైద్యానికి ప్రామాణిక మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా ఆ మాట రోగి మంచం దాకా రావడానికి చాలా అడ్డంకులున్నాయి. ఖమ్మం నుంచి భద్రాచలం దాటి ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాకా ఉన్న అడవి ప్రాంతంలో అవి ఇంకా ఎక్కువ.

ఇదేమీ చిన్న సంగతి కాదు. దేశంలో 2000 నుంచి 2019 వరకు సుమారు 12 లక్షల మంది పాము కాటుతో చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. సగం మరణాలు జూన్, సెప్టెంబర్ నెలల మధ్యే, అదీ ఎక్కువగా పల్లెల్లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాము కాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది.

ఒక్క గాజు గొట్టం, ఇరవై నిమిషాలు

రక్తపింజర, చిన్న పింజర విషం రక్తాన్ని గడ్డ కట్టనివ్వదు. దాన్ని పట్టుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. రోగి నరం నుంచి తీసిన 2 మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు టెస్ట్ ట్యూబ్‌లో పోసి, 20 నిమిషాలు కదపకుండా పెట్టాలి. తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. రక్తం ఇంకా నీళ్లలా జారితే విషం పని చేస్తున్నట్టే. అప్పుడు విషం విరుగుడు మందు, అంటే ఏఎస్‌వీ, మొదలుపెట్టాలి. గడ్డ కడితే రోగిని ఇంటికి పంపేయమని కాదు. మొదటి మూడు గంటలు గంటకోసారి, ఆ తర్వాత 24 గంటల వరకు ఆరు గంటలకోసారి మళ్లీ చూడాలి.

చెప్పడానికి ఇంత తేలిక. కానీ గొట్టం ప్లాస్టిక్‌దైతే ఫలితం తప్పు వస్తుంది. సబ్బు నీళ్లతో కడిగిన పాత గాజు గొట్టమైనా అంతే. గాజు ట్యూబులు స్టోర్‌లో లేకపోతే నర్సుకు ఎంత తెలిసినా ఏం లాభం? ఇక రాత్రి డ్యూటీలో ఒకే నర్సు ఉన్న పీహెచ్‌సీని ఊహించుకోండి. లేబర్ రూమ్‌లో ఒక గర్భిణి, బయట జ్వరంతో ఒక పిల్లవాడు, అప్పుడే పాము కాటు కేసు. 24 గంటల్లో ఆరేడు సార్లు ఈ పరీక్ష చేయాలంటే మనిషి ఎక్కడి నుంచి రావాలి?

అలవాటు అనేది ఇంకో అడ్డంకి. ఏఎస్‌వీ కొందరికి పడదు. దద్దుర్లు, వాంతులు, ఆయాసం వస్తాయి, బీపీ పడిపోతుంది. దీన్ని ఆపడానికి ముందుగా ఏ మందు పని చేస్తుందో శ్రీలంకలో 1,007 మంది రోగుల మీద పరీక్షించారు. ఫలితాలు 2011లో వచ్చాయి. కొద్ది మోతాదులో అడ్రినలిన్ ఇచ్చిన వాళ్లలో మొదటి గంటలో తీవ్రమైన రియాక్షన్లు 43 శాతం తగ్గాయి. హైడ్రోకార్టిసోన్, ప్రొమెథజైన్ వల్ల అలాంటి లాభం కనిపించలేదు. అయినా చాలా చోట్ల హైడ్రోకార్టిసోన్, ఎవిల్ ముందు పొడిచి, అడ్రినలిన్‌ను మాత్రం ఆఖరుకు ఉంచుతారు. భయం దానికి కారణం. ఏఎస్‌వీ ఇచ్చే ముందు చర్మం మీద టెస్ట్ డోస్ చేయడం కూడా అలాంటిదే. ఆ పరీక్ష ఎవరికి రియాక్షన్ వస్తుందో చెప్పలేదని 1986లోనే తేలింది. సీనియర్లు చేసేది చూసి జూనియర్లు నేర్చుకుంటారు, అలా పాత పద్ధతి నడుస్తూనే ఉంటుంది.

తెలియక కాదు, అధికారం లేక

నర్సులు పరిశోధనను ఎందుకు వాడలేకపోతున్నారన్నది ప్రపంచమంతా ఉన్న ప్రశ్న. అమెరికాలో సాండ్రా ఫంక్, ఆమె సహచరులు 1991లో దీన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారు చేశారు. అడ్డంకి నర్సులో ఉందా, ఆమె పని చేసే సంస్థలో ఉందా, పరిశోధనలోనే ఉందా, దాన్ని చెప్పిన తీరులో ఉందా అని అది అడుగుతుంది. ఆ ప్రశ్నావళితో జరిగిన 63 అధ్యయనాలను 2010లో ఒకచోట చేర్చి చూశారు. దేశం ఏదైనా మళ్లీ మళ్లీ పైకి వచ్చినవి సంస్థకు సంబంధించినవే. చదవడానికి టైం లేదు, కొత్తది అమలు చేయడానికి టైం లేదు, వైద్యం తీరు మార్చే అధికారం లేదు.

మన కుటుంబాల నుంచి కూడా ఇప్పుడు జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్‌లో చేరే అమ్మాయిలున్నారు. ఈ మాట వాళ్లకు బాగా అర్థమవుతుంది. మూడేళ్లో నాలుగేళ్లో చదివి డ్యూటీకి వచ్చాక, ‘మా బుక్‌లో ఇలా ఉంది సర్’ అనడం అంత సులువు కాదు. అందుకే శిక్షణ తరగతులు పెంచితే చాలు అనే వాదన సగమే నిజం. శిక్షణ నుంచి తిరిగొచ్చిన నర్సుకు చేతిలో రాతపూర్వక అనుమతి లేకపోతే ఆ చదువు నోట్‌బుక్‌లోనే ఉంటుంది.

దీనికి ఉదాహరణ పక్క గదిలోనే, లేబర్ రూమ్‌లో ఉంది. గర్భిణులకు బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే ఎక్లాంప్సియాకు మెగ్నీషియం సల్ఫేటే మంచిదని 1995లో ఒక పెద్ద పరిశోధన తేల్చింది. మన దేశం సహా పలు దేశాల్లో 1,687 మంది మహిళలు అందులో ఉన్నారు. డయజిపామ్‌తో పోలిస్తే ఫిట్స్ మళ్లీ రావడం 52 శాతం తగ్గింది. తర్వాత కేంద్రం 2010 మార్గదర్శకాల్లో ఏఎన్‌ఎంలు, స్టాఫ్ నర్సులు మొదటి డోస్ ఇచ్చి పెద్దాసుపత్రికి పంపవచ్చని స్పష్టంగా రాసింది. ఎంత ఇవ్వాలో కూడా చెప్పింది: ఒక్కో పిరుదులో 5 గ్రాములు, మొత్తం 10 గ్రాములు. డాక్టర్ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. పాము కాటులోనూ రక్త పరీక్ష మొదలుపెట్టడానికి, రియాక్షన్ వస్తే ఏఎస్‌వీ ఆపి తొడ కండరంలో అడ్రినలిన్ ఇవ్వడానికి మెడికల్ ఆఫీసర్ సంతకంతో ఒక పేజీ ఆర్డర్ గోడ మీద ఉంటే నర్సు చేయి ఆగదు. తెలుగులో ఉంటే ఇంకా మంచిది.

గోదావరి, భాష, రెండు రాష్ట్రాలు

పరిశోధన పత్రాల్లో రోగి సరిగ్గా సమాధానాలు చెబుతాడు. ఎప్పుడు కరిచింది, ఎక్కడ, ఏ పాము అని అడిగితే చెబుతాడు. చర్ల, దుమ్ముగూడెం అడవి గూడేల నుంచి వచ్చే కోయ కుటుంబాలతో, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడిన గుత్తికోయలతో మాట్లాడాలంటే నర్సుకు వాళ్ల భాష రావాలి, లేదా వచ్చిన మనిషి పక్కన ఉండాలి. కట్లపాము విషయంలో ఇది మరీ ముఖ్యం. అది రాత్రి నేల మీద పడుకున్న వాళ్లను కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపు నొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలవుతుంది. గాజు గొట్టం పరీక్ష ఇక్కడ ఏమీ చూపదు. రెప్పల్ని, మెడను, ఊపిరిని నర్సు కళ్లతో చూసి పట్టుకోవాలి.

వరదలు వచ్చినప్పుడు ఇంకో కథ. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. నీళ్లొస్తే పాములు మెరక మీదికి, ఇళ్లలోకి వస్తాయి, దారులు మాత్రం మూసుకుపోతాయి. పైగా 2014 తర్వాత భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. దాన్ని ఆనుకున్న ఎటపాక, ఇంకా కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. రోగికి గీత కనిపించదు, దగ్గరున్న దవాఖానాకే వస్తాడు. కానీ 108 అంబులెన్స్, రిజిస్టర్లు, రెఫరల్ చీటీలు రెండు రాష్ట్రాలవి వేర్వేరు. కరిచిన టైం, ఎన్ని వయల్స్ ఎక్కించారు, చివరి పరీక్షలో రక్తం గడ్డ కట్టిందా లేదా, ఈ మూడూ చీటీ మీద లేకపోతే తర్వాతి నర్సు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఇంటి వాళ్లు కూడా అడ్డంకి కావచ్చు

‘ఇంకా ఇంజెక్షన్ వేయలేదేంటి సిస్టర్’ అని పది మంది చుట్టూ చేరి గొడవ చేస్తే, విష లక్షణాలు లేకపోయినా ఏఎస్‌వీ ఎక్కించే ఒత్తిడి వస్తుంది. ప్రతి కాటులోనూ విషం దిగదు. అవసరం లేని వాళ్లకు ఆ మందు ఇస్తే ప్రమాదం తప్ప లాభం లేదు. నర్సు గొట్టంలో రక్తం పోసి గడియారం చూస్తోందంటే వైద్యం మొదలైనట్టే. అవసరమైతే మొదటి విడతగా సాధారణంగా 10 వయల్స్ ఇస్తారు, పిల్లలకూ అంతే. ఎందుకంటే మందు మనిషి బరువును బట్టి కాదు, పాము వదిలిన విషాన్ని బట్టి.

కరిచిన చోట కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం వద్దు. ఇప్పటికే గట్టిగా కట్టి తెచ్చి ఉంటే దారిలో విప్పకండి, దవాఖానాలో డాక్టర్ ముందే విప్పాలి. కట్టులో ఆగిన విషం ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్లొచ్చు. పసరు మందు కోసం, మంత్రం కోసం, తావీజు కోసం ఆగొద్దు. దువా బండిలో వెళ్తూ కూడా చేయొచ్చు. కాలు లేదా చేయి కదలకుండా ఉంచి, కరిచిన టైం గుర్తు పెట్టుకుని, 108కి ఫోన్ చేయండి. ఒక దవాఖానా నుంచి ఇంకో దానికి పంపుతుంటే, బయల్దేరే ముందు చీటీ మీద టైం, వయల్స్ లెక్క, పరీక్ష ఫలితం రాశారో లేదో సిస్టర్‌ను అడిగి చూసుకోండి.