మాటసాయం నుంచి ఇన్‌మెయిల్ దాకా

అమ్మేవాడికీ అతడెరగని కొనుగోలుదారుకీ నడుమ, ఇద్దరినీ ఎరిగిన మూడో మనిషి చెప్పే నాలుగు మంచి మాటలను తెలుగులో మాటసాయం అంటారు. వర్తకం ఎంత పాతదో ఈ ఆచారమూ అంత పాతది. 17వ శతాబ్దపు చెన్నపట్నంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ నేతగాళ్ల దగ్గరికి తానుగా పోలేక, బేరి తిమ్మన్న, కాశీ వీరన్న వంటి వర్తకుల ద్వారానే బట్ట సేకరించింది. ఆ వర్తకుల పరపతే ఇరుపక్షాలకూ పూచీగా నిలిచింది. ఇంటర్నెట్‌లో వృత్తి పరిచయాలు పెంచుకునే పద్ధతి ఎలా ఎదిగిందో పరిశీలిస్తే, ఈ మూడో మనిషికి అందులోనూ చోటు కల్పించాలన్న ప్రయత్నమూ, అతడి ప్రమేయం లేకుండా నేరుగా గడప తొక్కే హక్కును వెలకట్టి అమ్మే ప్రయత్నమూ ఒకే సంస్థ చేతుల మీదుగా జరిగాయని తెలుస్తుంది.

మొదట కనిపించేది మూడో మనిషి లేని దారే. అమెరికా రక్షణశాఖ ఆధ్వర్యంలో పరిశోధకులను కలిపిన ఆర్పానెట్ అనే కంప్యూటర్ జాలంలో, 1978 మే నెలలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తరఫున గారీ థూర్క్ అనే మార్కెటింగ్ ఉద్యోగి తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ సుమారు 400 మందికి ఒకే సందేశం పంపాడు. చిరునామాలను అచ్చయిన సభ్యుల పట్టికలో చూసి ఎక్కించగా, వాటికి కేటాయించిన చోటు చాలక మిగిలినవి సందేశంలోకే పొర్లాయి. ప్రభుత్వ పనులకోసం ఏర్పడిన జాలాన్ని అమ్మకానికి వాడినందుకు నిర్వాహకులు తీవ్రంగా ఆక్షేపించారు. అమ్మకాల పరిభాషలో ప్రాస్పెక్ట్ అంటే ఇంకా కొనకపోయినా కొనే అవసరం, స్తోమత ఉన్నట్టు తోచే మనిషి. అటువంటివారి జాబితా చేతికి దొరికితే పరిచయం అక్కర్లేదనే ఆలోచన ఎలక్ట్రానిక్ ఉత్తరాలంత పాతదని ఈ ఘటన చెబుతుంది.

మూడో మనిషి విలువను లెక్కకట్టి చూపినవారు సామాజిక శాస్త్రజ్ఞులు. స్టాన్లీ మిల్‌గ్రామ్ 1960ల్లో జరిపిన ప్రయోగంలో, నెబ్రాస్కా రాష్ట్రంలోనూ బోస్టన్‌లోనూ ఎంపిక చేసిన మనుషులు మసాచుసెట్స్‌లోని ఒక స్టాక్ బ్రోకరుకు చేరవలసిన పత్రాన్ని తమకు స్వయంగా తెలిసినవారి ద్వారా మాత్రమే చేతులు మార్చుతూ పంపవలసి వచ్చింది. గమ్యం చేరిన 64 పత్రాలు సగటున అయిదుగురు మధ్యవర్తులను దాటివచ్చాయి. 'ఆరు అంచెల దూరం' అనే నానుడితో ముడిపడిన ఈ సంఖ్యనే లోకం గుర్తుపెట్టుకుంది గాని, అంతకంటే అర్థవంతమైన విషయం మరొకటుంది: ఆ 64లో 16 పత్రాలు చివరి అంచెలో ఒకే బట్టల వ్యాపారి చేతి మీదుగా వచ్చాయి. అంటే పరిచయాల వలలో ముడులన్నీ సమానం కావు. పదిమందీ వచ్చిపోయే అంగడివాడిది పెద్ద ముడి. తర్వాత మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన వ్యాసంలో, తెలిసినవారి ద్వారా ఉద్యోగం సంపాదించినవారిలో ఆ వ్యక్తిని తరచుగా కలిసేవారు 16.7 శాతమేననీ, అప్పుడప్పుడూ కలిసేవారు 55.6 శాతమనీ, అరుదుగా కలిసేవారు 27.8 శాతమనీ చూపాడు. దగ్గరివారికి తెలిసిన సంగతులు మనకూ తెలిసినవే కాబట్టి, కొత్త కబురు తెచ్చేది దూరపు పరిచయమేనన్నది ఆయన వివరణ.

ఈ రెండు సిద్ధాంతాలనూ కంప్యూటర్ తెర మీదికి తెచ్చే ప్రయత్నాలు 20వ శతాబ్దపు చివరి సంవత్సరాల్లో మొదలయ్యాయి. 1997లో ఆండ్రూ వైన్‌రైక్ ప్రారంభించిన సిక్స్‌డిగ్రీస్ ఎక్కువకాలం నిలవలేదు. 2001లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రైజ్, 2003లో హాంబర్గ్‌లో తర్వాత జింగ్ అనే పేరు పెట్టుకున్న ఓపెన్‌బీసీ వచ్చాయి. రీడ్ హాఫ్‌మన్, మరి నలుగురు కలిసి 2003 మే 5న ప్రారంభించిన లింక్డ్‌ఇన్‌లో మొదటి నెల ముగిసేసరికి ఉన్న సభ్యులు 4,500 మందే. అయితే దాని నిర్మాణం శ్రద్ధగా గమనించదగ్గది. స్వయంగా ఎరిగినవారు మొదటి అంచె, వారెరిగినవారు రెండో అంచె, ఆపైవారు మూడో అంచె. అపరిచితుణ్ణి పలకరించదలచినవాడు తన అభ్యర్థనను మొదటి అంచెలోని మిత్రుడికి అందజేయవలసి ఉండేది. దానిని ముందుకు పంపడమో ఆపడమో ఆ మిత్రుడి ఇష్టంగా ఉండేది. మాటసాయంలోని కీలకమంతా, అంటే మధ్యవర్తి తన పరువును పణంగా పెట్టడమూ, ఇష్టం లేకపోతే కాదనగలగడమూ ఈ ఏర్పాటులో చెక్కుచెదరకుండా నిలిచాయి.

ఈ ఏర్పాటు నీరుగారడానికి ప్రధాన కారణం రాబడి అవసరమే అనిపిస్తుంది. 2005లో చందా పద్ధతి మొదలయ్యాక, రుసుము చెల్లించిన సభ్యులు మధ్యవర్తితో పనిలేకుండా ఇన్‌మెయిల్ పేరుతో నేరుగా అపరిచితులకు రాయగలిగారు. ఇక్కడ చిన్నదిగా కనిపించే ఒక నిబంధన చరిత్రలో పెద్దది: వారం లోపు జవాబు రాకపోతే వాడిన ఇన్‌మెయిల్ పంపినవాడి ఖాతాలోకి తిరిగివచ్చేది కాబట్టి, పసలేని సందేశాలు కుప్పలుగా పంపినా నష్టం ఉండేది కాదు. 2015 జనవరిలో సంస్థ ఈ నియమాన్ని తలకిందులు చేసి, 90 రోజుల్లో జవాబు వచ్చినప్పుడే తిరిగి జమ చేయసాగింది. ఆలోచించి రాసేవాడికి ఇది లాభం, గంపగుత్తగా రాసేవాడికి నష్టం. మధ్యవర్తి చేసే వడపోతను ధర చేత చేయించాలన్న ఈ ప్రయత్నం మంచిదే. అయితే ధర మనిషికి పూచీ పడలేదు. ఇంతలో 2014లో అమ్మకందారుల కోసమే ప్రత్యేకించిన సేల్స్ నావిగేటర్ వచ్చింది. 2016లో, హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల నాయకత్వంలోని మైక్రోసాఫ్ట్ లింక్డ్‌ఇన్‌ను 2,620 కోట్ల డాలర్లకు కొని, తన అమ్మకాల సాఫ్ట్‌వేర్‌తో ఆ పరికరాన్ని జోడించింది.

పరిచయం లేనివారికి వ్యాపార సందేశాలు పంపే విషయంలో చట్టాలు ఒకే మాట మీద లేవు. అమెరికాలో 2004 జనవరి 1 నుంచి అమలైన చట్టం ముందస్తు సమ్మతి లేకుండానే వ్యాపార ఈమెయిల్ పంపనిచ్చి, వద్దన్నవారిని విడిచిపెట్టమంటుంది. జర్మనీలో సంస్థలకు పంపడానికైనా ముందు సమ్మతి కావాలి.

తెలుగువారికి ఈ చరిత్రతో ప్రత్యక్ష సంబంధం కలిగించింది హైదరాబాదులో పెరిగిన బెంచ్ సేల్స్ అనే వృత్తి. అమెరికాలోని కన్సల్టెన్సీ సంస్థలో ఉంటూ, ఒక ప్రాజెక్టు ముగిసి మరొకటి దొరకని సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని బెంచ్ మీద ఉన్నాడంటారు. అతడికి పని వెతికిపెట్టడం రిక్రూటర్ బాధ్యత. అమెరికా పగటివేళకు సరిపడేలా రాత్రంతా మేలుకొని పనిచేసే ఈ యువతీయువకులు, ఖాళీగా ఉన్నవారి పేర్లు, నైపుణ్యాలు, వీసా వివరాలతో హాట్‌లిస్ట్ తయారుచేసి వెండర్లకు, అంటే అసలు కంపెనీలకు మనుషులను సరఫరా చేసే మధ్యవర్తి సంస్థలకు పంపుతారు. వందల చిరునామాలకు ఒకేసారి పోయే హాట్‌లిస్ట్ 1978 నాటి సందేశానికి వారసురాలే. అయినా బేరం కుదిర్చేది ఎక్కువగా ఫోనులో గొంతు గుర్తుపట్టే వెండరే గనుక, లింక్డ్‌ఇన్‌లో దొరికిన పేరును ఫోనులో పలికే పరిచయంగా మార్చుకోవడంలోనే రిక్రూటర్ పనితనం తేలుతుంది. ఆ వృత్తిలో ఉద్యోగ ప్రకటనలు అభ్యర్థికి సొంత వెండర్ పరిచయాలు ఉండాలని తరచుగా షరతు పెడతాయి. ఒక సంస్థలో రాత్రులు వెచ్చించి కూడబెట్టుకున్న ఆ పరిచయాలు, సంస్థ మారినప్పుడు రిక్రూటర్ వెంటే వెళతాయి.