తీరిక ఎవరిది?

పనిగంటల చరిత్ర మీద ఒక వ్యాసం రాయాలని నోటుపుస్తకం తెరిచి రెండేళ్లయింది. అల్వాల్‌లో మా ఇంటి కిటికీ పక్క బల్లమీద అది అలాగే వున్నది. కాలేజీ, పరీక్షపేపర్లు, బస్సు ప్రయాణం పోగా మిగిలేది ఒక గంట. తెల్లవారుజామున లేస్తే టైం అదే దొరుకుతుందని మిత్రులు సలహా యిస్తారు. తీరికను పొదుపు డబ్బులాగా చూసే యీ వాదం చరిత్ర ముందు నిలవదు.

మాకు కొద్ది మైళ్ల దూరంలోనే బేగంపేట వున్నది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొన్నది అక్కడే. ఆయన సైనిక వైద్యుడు. ఉద్యోగం చేస్తూనే పరిశోధన చేశాడు, కవిత్వం రాశాడు, గణితం చదివాడు. మనసుంటే తీరిక వుంటుందనడానికి ఆయన్నే ఉదాహరణగా నేను క్లాసులో చాలాకాలం చెప్పాను. చెప్పనిది హుసేన్ ఖాన్ సంగతి. అతడు మలేరియా రోగి. దోమతెరలో పడుకొని, కుట్టిన దోమకొక అణా చొప్పున పది దోమలకు పది అణాలు పుచ్చుకున్నాడు. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. పంకా విసిరితే దోమలు చెదిరిపోతాయని ఉక్కలోనే సూక్ష్మదర్శిని ముందు కూర్చున్న ఆ మనిషి పట్టుదలను నేను తక్కువ చేయను. అయితే దండులో దొరల బంగళాలంటే వంటకొకడు, నీళ్లకొకడు, గుర్రానికొకడు. దొరగారి తీరిక వాళ్ల రోజులోనుంచి వచ్చిందే.

శ్రామికులకు తీరిక ఎవరూ దానం చేయలేదు. రోజుకు ఎనిమిది గంటలే పని అన్న కోరిక మీద 1886లో చికాగో కార్మికులు రక్తం ధారపోశారు. బ్రిటిషిండియాలో 1911 చట్టం బట్టలమిల్లులో మగకూలీకి 12 గంటల హద్దు పెట్టింది. 1922లో అది 11 అయింది, 1934లో 10. వారానికి 48 గంటలన్నది 1946లోగాని రాలేదు. ఒక్కొక్క గంట తగ్గడానికి పదేళ్లకు పైగా పట్టిందన్నమాట! 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్యసంస్థల్లో రోజుకు 10 గంటల పనిని అనుమతించింది. వారానికి 48 గంటల హద్దు వుంచింది నిజమే. కాని మనిషి తన పుస్తకం చదువుకునేది వారానికొకసారి కాదు, ఆ రోజు సాయంత్రమే.

ఇంతవరకు రాసి, మన చరిత్రకారులు ఆగేచోటే నేనూ ఆగబోయాను. ఫ్యాక్టరీ చట్టం వంటింటి గడప దాటలేదు. 2019 జాతీయ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీకి అందులో రోజుకు సగటున 299 నిమిషాలు పోతాయి, చేసే పురుషుడికి 97. మనలో ఎంతమంది అభ్యుదయవాదుల ఇళ్లు యీ లెక్కకు బయట వున్నాయి?

నేను రాసుకునే ఆ గంటసేపూ లోపల గిన్నెల చప్పుడు వినపడుతూనే వుంటుంది. నా భార్య కూడా టీచరే. పెళ్లికి ముందు కథలు రాసేది. ఆమె నోటుపుస్తకం ఏమయిందని మొన్న ఆదివారం మొదటిసారి అడిగాను. అటకమీద, బియ్యం డబ్బా వెనక వున్నదన్నది. నిచ్చెన వేసి దింపాను. నాలుగు పేజీల కథ, సగంలో ఆగివున్నది.