పాఠశాలల పరిసరాల్లో వేగ పరిమితి - చట్టం, స్థానిక అమలు

పాఠశాలల సమీపంలో వాహనాల వేగం తగ్గాలన్న విషయంలో భిన్నాభిప్రాయం లేదు. ఆ తగ్గింపును చట్టబద్ధంగా ఎవరు నిర్ణయిస్తారు, ఉల్లంఘనను ఎవరు, ఏ ఆధారంతో నిరూపిస్తారు అన్న అంశాలపైనే స్పష్టత అవసరం. రాజపత్రంలో నోటిఫికేషన్, రోడ్డుపై నిర్దేశిత గుర్తు, వేగాన్ని కొలిచే పరికరం - ఈ మూడూ ఉన్నచోటనే పరిమితి పూర్తిగా అమలవుతుంది. వీటిలో ఏ ఒక్కటి లోపించినా పాఠశాల ముందున్న బోర్డు ఒక విజ్ఞప్తిగా మాత్రమే మిగిలిపోతుంది.

వేగానికీ ప్రాణానికీ మధ్య దూరం

గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు 8.3 మీటర్లు ప్రయాణిస్తుంది. 50 కిలోమీటర్ల వేగంతో వచ్చేది 13.9 మీటర్లు ప్రయాణిస్తుంది. డ్రైవరు ప్రమాదాన్ని గమనించి బ్రేకు నొక్కడానికి ఒక సెకను పడుతుందనీ, రోడ్డు పొడిగా ఉండి బ్రేకులు సక్రమంగా పనిచేస్తున్నాయనీ అనుకుంటే, మొదటి వాహనం సుమారు 13 మీటర్లలో ఆగుతుంది. రెండవదానికి సుమారు 28 మీటర్లు కావాలి.

అంటే 15 మీటర్ల దూరంలో ఒక విద్యార్థి అకస్మాత్తుగా రోడ్డుపైకి వస్తే, 30 కిలోమీటర్ల వేగంతో ఉన్న వాహనం ఆ విద్యార్థిని చేరకముందే ఆగగలదు. 50 కిలోమీటర్ల వేగంతో ఉన్నది అప్పుడప్పుడే బ్రేకు పడి, దాదాపు అదే వేగంతో ఢీకొంటుంది. వర్షాకాలంలోను, అధిక బరువుతో నడిచే వాహనాల విషయంలోను ఈ దూరం ఇంకా పెరుగుతుంది. ఆగి ఉన్న ఆటోలు, బస్సుల వెనుక నుంచి వచ్చే చిన్నపిల్లలు డ్రైవరుకు ముందుగా కనిపించరు. వచ్చే వాహనం వేగాన్ని సరిగా అంచనా వేసే శక్తి కూడా వారికి తక్కువ.

ఈ కారణాల వల్లనే పాదచారులు, వాహనాలు కలసి సంచరించే ప్రాంతాల్లో గరిష్ఠ వేగం గంటకు 30 కిలోమీటర్లకు మించరాదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన రహదారి భద్రతా మంత్రుల అంతర్జాతీయ సదస్సు ప్రకటించింది. అదే సంవత్సరం ఆగస్టులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఈ ప్రకటనను ఆమోదించింది.

పరిమితిని నిర్ణయించే అధికారం

మోటారు వాహనాల చట్టం, 1988 లోని 112వ సెక్షన్ వేగ పరిమితులకు మూలాధారం. ఈ సెక్షన్‌లో పాఠశాలల ప్రస్తావన ప్రత్యేకంగా లేదు. ప్రజల భద్రత లేదా సౌకర్యం దృష్ట్యా గానీ, రోడ్డు లేదా వంతెన స్వభావాన్ని బట్టి గానీ ఒక ప్రాంతానికి లేదా ఒక రోడ్డుకు తక్కువ వేగాన్ని నిర్ణయించే అధికారాన్ని ఇది రాష్ట్ర ప్రభుత్వానికి, లేదా రాష్ట్ర ప్రభుత్వం అధికారం ఇచ్చిన సంస్థకు కల్పించింది. అందుకు రెండు షరతులు ఉన్నాయి. రాజపత్రంలో నోటిఫికేషన్ వెలువడాలి. 116వ సెక్షన్ ప్రకారం తగిన గుర్తులను తగిన స్థలాల్లో నెలకొల్పాలి. నెల రోజులకు మించని తాత్కాలిక ఆంక్షలకు మాత్రం నోటిఫికేషన్ అవసరం లేదు.

కేంద్ర ప్రభుత్వం నిర్ణయించే గరిష్ఠ వేగాలు సాధారణ రాకపోకలను ఉద్దేశించినవి. 2018 ఏప్రిల్‌లో జారీ అయిన కేంద్ర నోటిఫికేషన్ పురపాలక పరిధిలోని రోడ్లపై కార్లకు 70, మోటారు సైకిళ్లకు 60, మూడు చక్రాల వాహనాలకు 50 కిలోమీటర్ల చొప్పున గరిష్ఠ వేగం నిర్దేశించింది. పాఠశాల ముందు అంతకన్నా తక్కువ వేగం ఉండాలంటే ఆ మేరకు స్థానికంగా నిర్ణయం జరగాలి. ప్రత్యేక పరిమితి నోటిఫై కాని చోట పాఠశాల ముందైనా ఆ రోడ్డుకు ఉన్న సాధారణ పరిమితే వర్తిస్తుంది.

పాఠశాల బస్సుల వేగ నియంత్రణ పరికరాలకు సంబంధించిన నిబంధన వేరు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 118వ నిబంధనను 2015లో సవరించినపుడు పాఠశాల బస్సులకు గంటకు 60 కిలోమీటర్ల గరిష్ఠ వేగం నిర్దేశించారు. అది బస్సుకు సంబంధించిన పరిమితే గాని పాఠశాల ముందున్న రోడ్డుకు సంబంధించినది కాదు.

గుర్తుల్లో తేడా

ఎర్ర అంచు గల త్రిభుజంలో పిల్లల బొమ్మ ఉన్న గుర్తు హెచ్చరిక మాత్రమే. ముందు పాఠశాల ఉన్నదని అది తెలుపుతుంది, వేగాన్ని నిర్ణయించదు. ఎర్ర అంచు గల వృత్తంలో అంకె ఉన్న గుర్తు తప్పనిసరిగా పాటించవలసినది. చాలా చోట్ల మొదటిది ఉండి రెండవది ఉండదు. చెట్ల కొమ్మలు, ఫ్లెక్సీలు అడ్డుపడి గుర్తు కనిపించకపోయినా అమలు దెబ్బతింటుంది.

కేసు నిలవాలంటే

అతివేగానికి 183వ సెక్షన్ కింద చర్య తీసుకుంటారు. 1988 చట్టంలో మొదటి తప్పిదానికి రూ. 400 వరకు, ఆ తరువాతి తప్పిదాలకు రూ. 1,000 వరకు మాత్రమే జరిమానా ఉండేది. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం తేలికపాటి వాహనాలకు రూ. 1,000 నుంచి రూ. 2,000 వరకు, మధ్యతరహా, భారీ వాహనాలకు రూ. 2,000 నుంచి రూ. 4,000 వరకు జరిమానా విధించవచ్చు. తప్పిదం పునరావృతమైతే లైసెన్సు స్వాధీనం చేసుకుంటారు. రాజీ రుసుమును 200వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది కాబట్టి చలానా మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారవచ్చు.

ఒకే సాక్షి అభిప్రాయం ఆధారంగా అతివేగాన్ని నిర్ధారించి శిక్షించరాదని ఇదే సెక్షన్ చెబుతున్నది. ఆ అభిప్రాయానికి యాంత్రిక లేదా ఎలక్ట్రానిక్ పరికరం ద్వారా పొందిన కొలత ఆధారంగా ఉండాలి. “చాలా వేగంగా వచ్చినట్లు కనిపించింది” అన్న కానిస్టేబులు మాట ఒక్కటే సరిపోదు. స్పీడ్ గన్‌లు, కెమెరాల వినియోగానికి 2019 సవరణ 136-ఎ సెక్షన్‌ను చేర్చింది. 2021 ఆగస్టులో 167-ఎ నిబంధన వెలువడింది. పరికరానికి ఆమోద పత్రం ఉండటం, దానిని ఏటా పునరుద్ధరించడం, నిఘా ఉన్నదని తెలిపే బోర్డును ముందుగానే ఏర్పాటు చేయడం ఈ నిబంధనలోని ముఖ్యాంశాలు.

పరికరం లేని చోట కూడా చర్యకు అవకాశం లేకపోలేదు. ఎర్రదీపాన్ని దాటడం, నిబంధనలకు విరుద్ధంగా మరో వాహనాన్ని దాటిపోవడం, నడుపుతూ చేతిలో ఫోను వాడటం వంటివి ప్రమాదకరమైన డ్రైవింగుగా 184వ సెక్షన్ పరిధిలోకి వస్తాయి.

రోడ్డు నిర్మాణమే నిరంతర నిఘా

పోలీసు సిబ్బంది ప్రతి పాఠశాల వద్ద ఉదయం, సాయంత్రం నిలబడటం సాధ్యం కాదు. రోడ్డు ఆకృతి మాత్రం రోజంతా పనిచేస్తుంది. గుండ్రని స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ప్రచురించిన మార్గదర్శకాలు సూచించాయి. దానిని దాటే వేగం గంటకు 25 కిలోమీటర్లుగా నిర్దేశించారు. రంగు గీతలు, ముందస్తు గుర్తు లేకుండా, నిటారుగా కట్టిన దిమ్మెలు ద్విచక్ర వాహనదారులను పడగొడతాయి. 1988 నాటి ఆ మార్గదర్శకాలు చిన్న రోడ్లకు ఉద్దేశించినవి. ప్రధాన రహదారుల పక్కనున్న పాఠశాలలకు రెయిలింగులు, సర్వీసు రోడ్డు, అండర్‌పాస్ లేదా పాదచారుల వంతెన వంటి ఏర్పాట్లు పరిశీలించాలి.

ఈ పని రోడ్డు యాజమాన్యాన్ని బట్టి రోడ్లు భవనాల శాఖ, పంచాయతీరాజ్ శాఖ, పురపాలక సంఘం లేదా జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ బాధ్యత అవుతుంది. రోడ్డు రూపకల్పన, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలను పాటించకపోవడం వల్ల మరణం లేదా వైకల్యం సంభవిస్తే, బాధ్యులైన అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు, కన్సల్టెంటుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చని 198-ఎ సెక్షన్ పేర్కొంటున్నది.

జిల్లా స్థాయిలో సమన్వయం

పోలీసు, రవాణా, విద్యా, ఇంజనీరింగు శాఖలు ఎవరి పరిధిలో వారు పనిచేస్తే పై మూడు అంశాలు ఒకచోట చేరవు. ఇందుకు 215వ సెక్షన్ జిల్లా రహదారి భద్రతా కమిటీలకు అవకాశం కల్పించింది. అన్ని జిల్లాల్లో వీటిని ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2017 నవంబరులో ఆదేశించింది. ప్రధానోపాధ్యాయులు, తల్లిదండ్రుల నుంచి వచ్చే వినతులను ఈ కమిటీ ముందుంచవచ్చు.

ఒక పాఠశాల వద్ద పరిమితి అమలవుతున్నదా లేదా అని తెలుసుకోవడానికి అయిదు అంశాలను పరిశీలిస్తే చాలు: నోటిఫికేషన్ సంఖ్య, తేదీ, అంకె ఉన్న వృత్తాకార గుర్తు రెండు దిశల్లోను ఉన్నదా, ఆ రోడ్డు ఏ శాఖది, పాఠశాల ప్రారంభ, ముగింపు వేళల్లో వేగాన్ని కొలుస్తున్నారా, ఆ పరికరం ఆమోద పత్రం చెల్లుబాటులో ఉన్నదా. ప్రమాదం జరిగిన తరువాత విచారణలో అడిగే ప్రశ్నలు కూడా ఇవే. వీటిని పాఠశాలలు తెరిచేనాటికే పూర్తి చేయడం జిల్లా యంత్రాంగం చేతిలో ఉన్న పని.